హైవేకి లేన్లు పెంచమని అడిగే ముందు జంక్షన్లు, డివైడర్ కట్‌లు చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఊరి అంచున పది పన్నెండు కిలోమీటర్ల మేర నాలుగు లేన్ల హైవే, రెండు పక్కలా షాపులు, స్కూళ్లు, గోడౌన్లు. పొద్దునా సాయంత్రం జామ్, రాత్రయితే యాక్సిడెంట్లు. ఆరు లేన్లు చేయమని అర్జీ పెట్టాలా, ఫ్లైఓవర్ అడగాలా అని.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇప్పుడప్పుడే రెండూ అడగొద్దు. ముందు జంక్షన్లు, డివైడర్ కట్‌లు (బండ్లు అటూ ఇటూ దాటడానికి డివైడర్‌లో వదిలిన ఖాళీలు), పక్కదారులు హైవేలో కలిసే చోట్లు సరిచేయమనండి. ఆ పని సరిగ్గా జరిగితే జామూ తగ్గుతుంది, చావులూ తగ్గుతాయి, ఎందుకంటే మీలాంటి రోడ్ల మీద ఆ రెండూ పుట్టేది ఒకే చోట. భద్రత వేరు, ట్రాఫిక్ సాఫీగా సాగడం వేరు, ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి అనే నమ్మకం చాలామందిలో ఉంది, ఇంజనీర్లలోనూ ఉంది. కానీ అది నిజం కాదు. బండ్లు హఠాత్తుగా బ్రేకు వేసే చోట, అడ్డం తిరిగే చోట, వేగాల్లో పెద్ద తేడా ఉన్న చోట మనుషులు చనిపోతారు, క్యూ కూడా అక్కడే మొదలవుతుంది.

ముందు లేన్ల లెక్క చూద్దాం. అడ్డం లేకుండా సాగే హైవేలో ఒక లేన్ గంటకు 2,000 కార్ల దాకా మోస్తుంది, రోడ్డు బాగుంటే ఇంకాస్త ఎక్కువే. అదే లేన్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి గ్రీన్ ఉన్నంతసేపే కదులుతుంది. గంటంతా గ్రీన్ ఉన్నా దాటేవి 1,800 నుంచి 1,900. గ్రీన్ వాటా 45 శాతమైతే అది 800, 850 దగ్గర ఆగిపోతుంది. అంటే రెండు జంక్షన్ల మధ్య రోడ్డు మోయగలిగిన దాంట్లో సగం కూడా జంక్షన్ దాటించలేదు. ఇలాంటప్పుడు మధ్యలో ఇంకో లేన్ వేస్తే క్యూలో నిలబడడానికి చోటు పెరుగుతుంది, అంతే. బస్తా ఎంత పెద్దదైనా మూతి ఇరుకైతే గింజలు జారే వేగం మారదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని 2008 నాటికి కొన్ని చోట్ల పక్కరోడ్లతో కలిపి 26 లేన్ల దాకా వెడల్పు చేశారు. కొత్త జాగా చూసి కొత్త ట్రాఫిక్ వచ్చి చేరింది, 2011 నుంచి 2014 మధ్య రద్దీవేళ ప్రయాణ సమయం మళ్లీ బాగా పెరిగింది. అది సిగ్నళ్లు లేని రోడ్డు, అయినా అలా అయింది.

సిగ్నల్ లోపల ఇంకో నష్టం దాగుంటుంది. నాలుగు దిక్కులకీ విడివిడిగా గ్రీన్ ఇచ్చే చోట, ఒకరి నుంచి ఇంకొకరికి మారిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఎవరికీ పనికిరాకుండా పోతాయి. ఎల్లో, తర్వాత అందరికీ రెడ్, తర్వాత ముందున్నవాడు గేరు వేసి కదలడం. సిగ్నల్ ఒక చుట్టు పూర్తిచేసే సమయాన్ని సైకిల్ అంటారు, అందులో ఒక్కో దిక్కుకి ఇచ్చే గ్రీన్ వంతు ఒక ఫేజ్. రెండు నిమిషాల సైకిల్‌లో నాలుగు ఫేజ్‌లంటే 16 నుంచి 20 సెకన్లు గాల్లో కలిసినట్టే. అందుకే ఈ పని తెలిసినవాళ్లు జంక్షన్‌కి వెళ్లగానే ఫేజ్‌లు ఎలా తగ్గించాలా అని చూస్తారు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ రోడ్డు మీద బాగా పేరుపడ్డ జంక్షన్ ఒకదాని దగ్గర, సాయంత్రం రద్దీలో, రోడ్డుకి దూరంగా భద్రమైన చోట నిలబడి ఎదురు లేన్లు దాటి తిరిగే బండ్లనే చూడండి. ఒక్కో సైకిల్‌కి పదిహేను కార్లు తిరగాలనుకోండి. ఒక్కో కారుకీ ముందూ వెనకా ఖాళీతో కలిపి ఏడు మీటర్లు పట్టినా నూట ఐదు మీటర్ల క్యూ. ఆ మలుపుకని విడిగా ఇచ్చిన లేన్ నలభై మీటర్లే ఉంటే మిగతావన్నీ నేరుగా పోయే లేన్‌లో తోక చాపి నిలబడతాయి. వెనక నుంచి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడికి ఆ లేన్ ఖాళీగా ఉంటుందనే లెక్క, తీరా చూస్తే ఆగిన కారు. వాడు బ్రేకు తొక్కుతాడు లేదా పక్క లేన్‌లోకి కోస్తాడు, పక్కవాడు కూడా బ్రేకు తొక్కుతాడు. పొట్టి మలుపు లేన్ ఒక్కటే అటు వెనక నుంచి గుద్దే ప్రమాదాలకీ, ఇటు అరకిలోమీటరు జామ్‌కీ కారణం అవుతోంది. దాన్ని పొడిగించడానికి కొత్తగా భూమి సేకరించాల్సిన పని చాలాసార్లు ఉండదు, డివైడర్ వెడల్పులోంచే తీసుకోవచ్చు.

నిలబడ్డప్పుడు నేల కూడా చూడండి. డివైడర్ అంచు రాయికి గీసుకుపోయిన నల్లటి టైరు మరకలు, ఒకే చోట పేరుకున్న గాజు పెంకులు, ఇండికేటర్ ముక్కలు, వంగిన రెయిలింగ్, డివైడర్ మీది మొక్కల మధ్య జనం నడిచి నడిచి గట్టిపడిన కాలిబాట. పోలీసు రికార్డులోకి ఎక్కని ప్రమాదాలన్నీ అక్కడ రాసి ఉంటాయి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్నే ఒక పద్ధతిగా చేశారు: ప్రమాదం జరిగేదాకా ఆగకుండా, తృటిలో తప్పిన సందర్భాలను లెక్కపెట్టి ఆ చోటు ఎంత ప్రమాదకరమో అంచనా వేయడం. మీ బృందంలో నలుగురు రెండు మూడు సాయంత్రాలు కాయితం పట్టుకుని కూర్చుంటే, ఎవరు ఎటునుంచి వచ్చి ఎవరికి అడ్డం పడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

డివైడర్ కట్‌ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం అదే. మామూలు నాలుగు దారుల కూడలిలో బండ్ల దారులు ఒకదాన్నొకటి కలిసే, విడిపోయే, కోసుకునే చోట్లు 32. వీటిలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా కోసుకునే చోట్లే, అక్కడ బండిని పక్కనుంచి గుద్దుతారు, పక్క తలుపుకీ మనిషికీ మధ్య ఉండేది జానెడు జాగా. పక్కదారి నుంచి వచ్చినవాడు హైవేని నేరుగా అడ్డం దాటాలంటే ఒకేసారి రెండు దిక్కుల్లో ఖాళీ చూసుకోవాలి, డివైడర్ మధ్యలో ఆగాలి, మళ్లీ అంచనా వేయాలి. రాత్రిపూట హెడ్‌లైట్ చూసి బండి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో చెప్పడం ఎంత అనుభవం ఉన్న డ్రైవర్‌కైనా కష్టమే.

దీనికి మందు, అడ్డం దాటడాన్ని మూసేసి పక్కదారి బండిని ముందు హైవేతోపాటే ఒక వైపు పోనిచ్చి, కొంత ముందుకెళ్లాక విడిగా ఏర్పాటు చేసిన యూ-టర్న్‌లో తిప్పడం. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఇలా మార్చిన కూడళ్లను పరిశీలిస్తే గాయాలు, మరణాలు అయిన ప్రమాదాలు సగానికి పైగా తగ్గాయి. సిగ్నల్ ఉన్న చోట ఇలా చేస్తే నాలుగు ఫేజ్‌లు రెండవుతాయి, హైవేకి గ్రీన్ వాటా పెరుగుతుంది. లేన్ పెంచకుండానే కెపాసిటీ పెరిగినట్టు.

కానీ దీన్ని చెడగొట్టడం చాలా తేలిక, చాలాచోట్ల చెడగొట్టారు కూడా. కట్ మూసేసి, తర్వాతి యూ-టర్న్ రెండు కిలోమీటర్ల అవతల పెడితే బైకు మీద వచ్చేవాడు రాంగ్ రూట్‌లో వస్తాడు. వాడికి బుద్ధి లేదని తిట్టడం సులువు, అయితే అవతలి షాపుకి వెళ్లడానికి నాలుగు కిలోమీటర్లు తిరగమని చెప్పే రోడ్డుని ఎవరూ గౌరవించరు. మూడు నాలుగు వందల మీటర్లలో తిరిగే చోటు దొరికితే అత్యధికులు అటే వెళతారు. యూ-టర్న్‌కి ముందు వేగం తగ్గించుకోవడానికి విడి లేన్ ఉండాలి, లారీ ఒక్క విసురులో తిరిగేంత వెడల్పు ఉండాలి, తిరిగాక వేగం అందుకోవడానికి జాగా ఉండాలి. ఈ మూడూ లేని యూ-టర్న్ అంటే పాత ప్రమాదాన్ని నాలుగు వందల మీటర్లు జరపడమే.

ఇంకోటి, కనిపించే దూరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న డ్రైవరు అడ్డం చూసి, ఆలోచించి, బ్రేకు వేసి ఆగడానికి దాదాపు 130 మీటర్లు కావాలి. 100లో అయితే 185. డిజైన్ పుస్తకాల్లో వాడే లెక్క ఇది. అలాంటప్పుడు కట్ దగ్గర డివైడర్ మీద భుజమెత్తు మొక్కలు పెంచితే, వాటి వెనక నిలబడ్డ బైకు కనిపించేసరికి మిగిలేది ముప్పై మీటర్లు. మోకాలెత్తు దాటకుండా కత్తిరించమని, ఫ్లెక్సీలు తీయించమని అడగండి. ఖర్చు లేని పని, రేపే చేయొచ్చు.

వేగం సంగతి. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, వేగం తగ్గిస్తే జామ్ పెరుగుతుంది కదా అని. పెరగదు. లేన్ అత్యధికంగా బండ్లు మోసేది 80 అటూ ఇటూ వేగంలో, 110లో కాదు, ఎందుకంటే వేగం పెరిగే కొద్దీ బండికీ బండికీ మధ్య దూరం పెరుగుతుంది. పైగా వేగాలు సమానంగా ఉంటే హఠాత్తు బ్రేకులు తగ్గుతాయి. 2008లో వెలువడిన ఒక ప్రయోగంలో జపాన్ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లు నడిపించారు. సిగ్నల్ లేదు, అడ్డం లేదు, అందరూ ఒకే వేగంతో పోవాలి. కాసేపటికి ఎవరో కాస్త తగ్గించారు, వెనకవాడు ఇంకాస్త ఎక్కువ తగ్గించాడు, చివరికి జామ్ దానంతట అదే పుట్టి వెనక్కి పాకింది. లండన్ చుట్టూ ఉన్న ఎం25 మోటార్‌వే మీద 1995 నుంచి రద్దీని బట్టి మారే స్పీడ్ లిమిట్లు పెడుతున్నది ఇలా అలలా వెనక్కి పాకే జామ్‌లు పుట్టకుండా చూడడానికే.

అయితే బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. నున్నటి వెడల్పాటి రోడ్డు 110లో పోవచ్చని చెబుతుంటే పక్కన 60 బోర్డు ఎవరికీ ఆనదు. ఊరు మొదలయ్యే చోట రోడ్డు రూపమే మారాలి: లేన్ గీతలు కాస్త దగ్గరగా గీయడం, అంచుకి కర్బ్ (ఎత్తుగా పేర్చిన రాళ్ల వరస), లైట్లు, డివైడర్ కొంచెం వెడల్పు. ఒక్కచోట నిలబెట్టిన కెమెరా దగ్గర అందరూ బ్రేకు వేసి దాటాక మళ్లీ తొక్కుతారు, అది ఒక్కోసారి వెనక నుంచి గుద్దుకోవడానికే దారి తీస్తుంది. రెండు చోట్ల నంబర్ ప్లేటు చదివి మధ్యలోని సగటు వేగం లెక్కగట్టే కెమెరాలు నయం. ఇటలీ మోటార్‌వేల మీద 2005 నుంచి ట్యూటర్ పేరుతో ఇవే ఉన్నాయి. ఇక హైవే మీద స్పీడ్ బ్రేకర్ వేయమని మాత్రం దయచేసి అడగొద్దు. జనం కోపంలో మొదట అడిగేది అదే, నాకు అర్థమవుతుంది, కళ్లముందు పిల్లాడు పోయాక ఏదో ఒకటి అడ్డం వేయాలనిపిస్తుంది. కానీ 80లో వచ్చే లారీకి చీకట్లో గీత కూడా చెరిగిపోయిన బ్రేకర్ ఎదురైతే, దాని వెనక వచ్చే బైకు పరిస్థితి ఆలోచించండి. బండిని కాస్త అదిరించి హెచ్చరించే అడ్డగీతల రంబుల్ స్ట్రిప్‌లు, వాటికి ముందు బోర్డు, పైన లైటు అడగండి.

మనుషులు నడిచి దాటే చోట్లు వేరే శ్రద్ధ పెట్టాల్సిన విషయం. ఫుట్ ఓవర్‌బ్రిడ్జి కట్టేస్తే అయిపోయిందనుకుంటారు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ, చంకలో పిల్లతో ఉన్న తల్లి, బరువు మోసేవాడు ఆ మెట్లు ఎక్కరు, కిందినుంచే దాటతారు. నా అభిప్రాయంలో రెండే మంచి దారులు ఉన్నాయి. ఒకటి, హైవేని కొంచెం ఎత్తి మనుషులు నేలమట్టంలోనే నడిచేలా వెలుతురున్న వెడల్పాటి అండర్‌పాస్ ఇవ్వడం. రెండోది, వేగం నిజంగా తగ్గించగలిగిన చోట సిగ్నల్‌తో, డివైడర్ మధ్యలో ఆగడానికి భద్రమైన జాగాతో రెండు దఫాల్లో దాటించడం. బస్‌స్టాప్ జంక్షన్ దాటాక ఉండాలి, లేన్‌లో కాకుండా బస్సు ఆగడానికి పక్కన విడిగా ఇచ్చిన జాగాలో ఉండాలి, జనం దాటే చోటు ఆగిన బస్సు వెనక ఉండాలి. బస్సు ముందునుంచి దాటే మనిషి పక్క లేన్ డ్రైవర్‌కి కనిపించడు. ఈ ఒక్కటీ సరిచేసినా కొన్ని ప్రాణాలు దక్కుతాయి.

సర్వీస్ రోడ్డు ఉందా అని చాలామంది అడుగుతారు, అది వాడగలిగేలా ఉందా అని అడగరు. వానొస్తే నీళ్లు నిలిచే సర్వీస్ రోడ్డు, సగం పార్కింగ్‌కి పోయిన సర్వీస్ రోడ్డు ఉన్నా లేనట్టే, బండ్లన్నీ హైవే ఎక్కుతాయి. డ్రైనేజీ ముందు అడగండి. ప్రతి షాపుకీ హైవే మీదికి సొంత దారి ఉన్నచోట ఆ దారులన్నీ సర్వీస్ రోడ్డులోకి మళ్లించి, హైవేలోకి మాత్రం కొన్ని చోట్లే, జంక్షన్‌కి దూరంగా, వేగం అందుకుని మెల్లగా కలిసేందుకు పొడుగాటి మెర్జింగ్ లేన్‌తో కలపాలి. షాపులవాళ్లు మొదట వ్యతిరేకిస్తారు. వాళ్లను శత్రువులుగా చూడకుండా ముందే కూర్చోబెట్టి, కస్టమర్ ఎటునుంచి వస్తాడో మ్యాప్ మీద చూపించాలి.

భద్రతా, ట్రాఫిక్ సాఫీగా సాగడమూ ఒకటేనని చెప్పే మంచి రుజువు అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ నగరాల్లో 2000 సంవత్సరంలో దొరికింది. అక్కడ ఫ్రీవే ఎక్కే ర్యాంపుల మీద బండ్లను ఒక్కొక్కటిగా వదిలే సిగ్నళ్లు 430 దాకా ఉండేవి. ఇవి అనవసరంగా ఆపుతున్నాయని గొడవ జరిగి, కొన్ని వారాలు అన్నీ ఆపేసి చూశారు. ప్రమాదాలు 26 శాతం పెరిగాయి, ఫ్రీవే మోసే బండ్లు 9 శాతం తగ్గాయి, రెండూ ఒకేసారి. గుంపుగా దూసుకొచ్చి కలిస్తే ఏమవుతుందో అందరికీ అర్థమై, సిగ్నళ్లు కొన్ని మార్పులతో మళ్లీ పెట్టారు.

వెడల్పు పెంచకుండా ఎంత చేయొచ్చో చూడాలంటే స్వీడన్ చూడండి. 13 మీటర్ల వెడల్పున్న, మధ్యలో డివైడర్ లేని రోడ్లమీద ఎదురెదురు ఢీకొని చాలామంది చనిపోయేవారు. 1998 నుంచి అదే వెడల్పులో ఒక వైపు రెండు లేన్లు, ఇంకో వైపు ఒకటి, కొంత దూరానికోసారి మార్చుకుంటూ, మధ్యలో స్టీలు తాళ్ల బ్యారియర్ వేశారు. మరణాలు దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి. మీ రోడ్డులో కూడా డివైడర్ తక్కువ ఎత్తులో ఉండి, బండి ఎగిరి అవతల పడుతున్న చోట్లుంటే బ్యారియర్ అడగండి. బ్యారియర్ మొదలయ్యే కొన బల్లెంలా డ్రైవర్‌కి ఎదురుగా ఉండకుండా చూడమని కూడా రాయండి.

ఆగిన లారీలు. రాత్రిపూట వెనక లైటు లేకుండా షోల్డర్ (లేన్ల పక్కన అంచున ఉండే పట్టీ) మీద నిలిపిన లారీని గుద్దడం ప్రతి హైవే మీదా ఉన్న విషాదమే. డ్రైవర్లకి నిద్రపోవడానికి, టైరు మార్చుకోవడానికి చోటు ఇవ్వకుండా ఫైన్ వేస్తే వాళ్లు ఇంకో చీకటి చోటు వెతుక్కుంటారు. లే-బై, అంటే రోడ్డు పక్కన బండ్లు ఆపుకోవడానికి విడిగా ఇచ్చిన జాగా, కావాలి. పాడైన బండిని త్వరగా తీసే క్రేన్ కూడా ఇందులో భాగమే: ఒకే దిశలో మూడు లేన్లున్న రోడ్డులో ఒక్క లేన్ మూసుకుపోతే మూడింట రెండొంతులు మిగులుతుందనుకుంటాం, నిజానికి మిగిలేది సగమే. షోల్డర్ మీద యాక్సిడెంట్ జరిగి లేన్లన్నీ ఖాళీగా ఉన్నా, చూస్తూ పోయేవాళ్ల వల్ల దాదాపు ఆరో వంతు పోతుంది.

ఫ్లైఓవర్ ఎప్పుడు సరైనదో చెప్పాలి కదా. మీ పన్నెండు కిలోమీటర్ల రెండు చివరలా ఒక గంటపాటు నంబర్ ప్లేట్లు రాసుకోండి, లేదా వీడియో తీయండి. మొదటి చివర కనిపించిన బండ్లలో ఎక్కువ భాగం ఆగకుండా రెండో చివర కూడా కనిపిస్తే, ఊరితో పనిలేని ట్రాఫిక్ అది, దాన్ని పైనుంచో బైపాస్ నుంచో పంపడం న్యాయమే. అలా కాకుండా ట్రాఫిక్‌లో ఎక్కువ భాగం మధ్యలో ఎక్కి మధ్యలో దిగేదైతే ఫ్లైఓవర్ దిగిన చోట, తర్వాతి జంక్షన్ దగ్గర, అదే క్యూ మళ్లీ మొదలవుతుంది. వెడల్పు చేయడం కూడా ఇరుకు వంతెన దగ్గర నాలుగు లేన్లు రెండయ్యే చోట అయితే తప్పకుండా అడగండి, అక్కడ దానికి సాటి లేదు.

అర్జీ ఎలా రాయాలంటే, ముందు పోలీసుల దగ్గర గత మూడేళ్ల ప్రమాదాల వివరాలు అడిగి మ్యాప్ మీద చుక్కలు పెట్టండి. భారత్‌లో 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణం లేదా తీవ్ర గాయాలయిన ప్రమాదాలు 5 జరిగితే, లేదా 10 మరణాలు ఉంటే దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు, అలాంటి ముక్కలు దొరికితే వాటినే మొదటి పేజీలో పెట్టండి. మూడేళ్లు అని ఎందుకంటున్నానంటే ఒక చెడ్డ సంవత్సరం చూసి పని చేసి, మరుసటి ఏడు లెక్క దానంతటదే తగ్గితే అది మన పని గొప్పదనం అనుకునే ప్రమాదం ఉంది. స్వతంత్రంగా రోడ్ సేఫ్టీ ఆడిట్ చేయించమని, అది పగలూ రాత్రీ రెండు సార్లు జరగాలని రాయండి. పెద్ద పనులు మంజూరయ్యేలోగా ఒకటి రెండు కట్‌లను నీళ్లు నింపే ప్లాస్టిక్ బ్యారియర్లతో మూసి నెల రోజులు చూడమనండి. రాంగ్ రూట్ పెరిగిందా, యూ-టర్న్ దగ్గర క్యూ ఎంత, అంబులెన్స్‌కి ఎంత ఆలస్యం అయింది, మీ బృందమే రాసిపెట్టాలి. ఫలితం బాగాలేకపోతే బ్యారియర్ జరపడం ఒక పూట పని, కాంక్రీటు పోశాక అది కుదరదు.